ల్యాబ్ ఎలుకలకు ఎన్‌రిచ్డ్ కేజ్: ఎలా అమర్చాలి, ఆరోగ్యంలో తేడా ఎలా కొలవాలి

"కేజ్‌లో ఒక గొట్టం వేశాం, సరిపోతుందా?" "ఇవన్నీ పెడితే మా డేటా చెదిరిపోదా?" "ఎలుకలు నిజంగా బాగున్నాయని ఎలా చెప్పాలి?" ఎలుక సహజంగా చేసే పనులకు వీలుగా కేజ్‌లో దాగే డబ్బా, గొట్టం, చెక్కముక్క లాంటివి అమర్చడమే ఎన్‌రిచ్‌మెంట్. ఆ మాట ఎత్తగానే తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఈ మూడే. మొదటిదానికి జవాబు, సరిపోదు. ఇక రెండోది: ఏం పెట్టారో, ఎప్పుడు తీశారో రాసుకోకపోతే చెదురుతుంది, రాసుకుంటే చాలావరకు అదుపులోనే ఉంటుంది. మూడోదే పెద్ద పని. అందుకే ఇక్కడ దానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ఎన్‌రిచ్‌మెంట్‌ను మందు డోసులా చూడండి. మందు ఇచ్చేటప్పుడు ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు అని రాసుకుంటాం కదా, గొట్టానికీ చెక్కముక్కకీ అదే లెక్క. ఒక కేజ్‌కు రెండు వస్తువులు, పక్క కేజ్‌కు నాలుగు, మూడోదానికి ఎవరో సెలవులో ఉండి ఏమీ పెట్టలేదంటే, మీ దగ్గరున్నవి మూడు రకాల ఎలుకలు. గ్రూపు మాత్రం ఒక్కటే అని రాసుకుంటారు.

సిద్ధాంతం కొంచెమే. ఎలుకకు దాక్కోవాలి, నిటారుగా లేచి నిలబడాలి, కొరకాలి, తోటి ఎలుకల పక్కన పడుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలో వీటిలో చాలావాటికి వీల్లేదు. 2022లో వచ్చిన ఒక మెటా ఎనాలిసిస్ ఎలుకలు, చిట్టెలుకల మీద జరిగిన ఎన్నో ప్రయోగాలను కలిపి చూసింది. క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం, ఆందోళన, డిప్రెషన్ మోడళ్లలో (అంటే ఆ జబ్బులను జంతువుల్లో తెప్పించి చూసే ప్రయోగాల్లో) మామూలు కేజ్‌లోని జంతువులకు జబ్బు తీవ్రత ఎక్కువగా ఉందని, మరణాలు కూడా పెరిగాయని తేల్చింది. అంటే మనం "కంట్రోల్" (పోల్చి చూసే మామూలు గ్రూపు) అనుకునే ఖాళీ కేజ్ కూడా ఎలుక ఒంటిమీద ఒక ప్రభావమే.

ఏమేం కావాలి

ఒక కేజ్‌కు, అంటే మూడు పెద్ద ఎలుకలకు:

- గట్టి అడుగున్న కేజ్. తీగల అడుగు వద్దు.
- ఆస్పెన్ చెక్కపొట్టు గానీ కాగితపు బెడ్డింగ్ గానీ, కనీసం 3 సెం.మీ. మందంగా పరచడానికి సరిపడా.
- దాగే డబ్బా ఒకటి, రెండు దారులున్నది.
- గొట్టం ఒకటి. 300 గ్రాముల లోపు ఎలుకలకు లోపలి వ్యాసం 8 సెం.మీ., పెద్ద మగవాటికి 10 సెం.మీ.
- కొరకడానికి ఆస్పెన్ చెక్కముక్కలు, ఎలుకకు ఒకటి.
- గూడు కట్టుకోవడానికి పొడవాటి కాగితపు పీలికలు, ఒక గుప్పెడు.
- 0.1 గ్రా. వరకు చూపే తూకం, మసక ఎర్రలైటు, స్టాప్‌వాచ్, అమ్మోనియా కొలిచే గాజుగొట్టాలు.
- కేజ్‌కు ఒక కార్డు. ఏ వస్తువు ఏ తేదీన వేశారు, ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు అన్నవి దానిమీద ఉండాలి.

గొట్టానికీ డబ్బాకీ రంగు ఎంచుకునే వీలుంటే ఎరుపు తీసుకోండి. ఎరుపు రంగు ఎలుకకు సరిగా కనపడదు కాబట్టి డబ్బా లోపల దానికి చీకటిగానే ఉంటుంది, బయటి నుంచి మీకు మాత్రం ఎలుక కనిపిస్తుంది. పారదర్శకమైన డబ్బా మీకు అనుకూలమే గానీ ఎలుకకు అది దాగే చోటు కాదు.

దశలు

1. ముందు కాగితం మీద తేల్చుకోండి

ప్రోటోకాల్‌లో వస్తువుల పేర్లు, కొలతలు, మార్చే రోజులు రాసి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. ప్రయోగం మధ్యలో "ఇంకొకటి చేరుద్దాం" అనిపిస్తే ఆపుకోండి, తర్వాతి బ్యాచ్‌కు చేరుద్దురు. అంతకన్నా ముఖ్యంగా, మధ్యలో ఉన్నవి తీసేయొద్దు. అలవాటైన డబ్బా, గొట్టం ఒక్కసారిగా మాయమైతే ఎలుకల్లో డిప్రెషన్‌ను పోలిన లక్షణాలు వస్తాయి. దీన్నే ఒక మోడల్‌గా వాడే పరిశోధకులూ ఉన్నారు. మీకు తెలియకుండానే మీ స్టడీలో ఆ మోడల్ దూరిపోతుంది.

2. చోటు లెక్క వేయండి

యూరోపియన్ యూనియన్ 2010/63 ఆదేశం కనీస హద్దులు చెబుతుంది: ఎలుక బరువు 200 గ్రా. వరకు అయితే ఒక్కోదానికి 200 చదరపు సెం.మీ., 200–300కు 250, 300–400కు 350, 400–600కు 450, ఆపైన 600. కేజ్ మొత్తం 800కు తగ్గకూడదు, 600 గ్రా. దాటినవాటికి 1500. ఎత్తు కనీసం 18 సెం.మీ.

ఈ లెక్కను ఎలుకలు వచ్చిన రోజు బరువుతో వేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. 8 వారాల మగ ఎలుక 250–300 గ్రా. ఉంటే, ఆరు నెలలకు 500 దాటిపోవచ్చు. నాలుగు ఎలుకలు 250 గ్రా. అప్పుడు వాటికి 1000 చదరపు సెం.మీ. చాలు. అవే 450 గ్రాములకు వస్తే 1800 కావాలి. స్టడీ చివరి వారం బరువుతో లెక్క వేసుకోండి. లేదంటే సరిగ్గా ఫలితాలు తీసుకునే వేళకు కేజ్ ఇరుకైపోతుంది, కలిసి పెరిగినవాటిని విడదీయాల్సి వస్తుంది.

ఎత్తు సంగతి వేరే చెప్పాలి. 18 సెం.మీ. నియమం ప్రకారం సరే గానీ, పెద్ద ఎలుక వెనక కాళ్లమీద నిటారుగా లేస్తే తల మూతకు తగులుతుంది. వీలైతే 30 సెం.మీ. ఎత్తున్న కేజ్ తీసుకోండి. బడ్జెట్‌లో ఒక్క మార్పుకే వీలుందంటే నాలుగు బొమ్మలు కొనేకన్నా ఎత్తు కొనడం మేలు.

3. బెడ్డింగ్

3 సెం.మీ. కనీసం. ఒక మూల 6–8 సెం.మీ. వరకు పోగు చేస్తే తవ్వుకుంటాయి. నీళ్లసీసా మొన కింద మాత్రం పోగు చేయకండి. పొట్టు గానీ గొట్టం గానీ మొనకు తగిలితే రాత్రికి రాత్రే సీసా ఖాళీ అయి కేజ్ అంతా తడిసిపోతుంది. తడిసిన ఎలుకలు చలికి ముడుచుకుపోతాయి, పిల్లలుంటే చనిపోతాయి. ఆటోమేటిక్ నీటి వాల్వ్ ఉన్నచోట ఈ ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ నీటికి అంతు ఉండదు. మొన చుట్టూ 5 సెం.మీ. ఖాళీ వదలండి.

సెడార్, పైన్ పొట్టు వాడొద్దు. వాటి వాసనలోని రసాయనాలు కాలేయ ఎంజైములను పెంచుతాయి. అలాంటి పొట్టులో పెరిగిన ఎలుకలు నిద్రమందు ఇస్తే త్వరగా మేల్కొంటాయి, మీ మందు పనిచేయడం లేదని మీరనుకుంటారు. మొక్కజొన్న కండె గుల్ల చవకే, అమ్మోనియాను బాగానే పట్టి ఉంచుతుంది. కానీ అందులో హార్మోన్లతో చెలగాటమాడే పదార్థాలున్నాయని తేలింది. పైగా ఎలుకలు దాన్ని తింటాయి, మేత తూకం లెక్క తప్పుతుంది. పునరుత్పత్తి, హార్మోన్లు, మేత మీద స్టడీ అయితే దాని జోలికే పోవద్దు.

4. దాగే డబ్బా

రెండు దారులు తప్పనిసరి. ఒకే దారి ఉంటే బలమైనది గుమ్మం దగ్గర పడుకుని మిగతావాటిని లోపలే ఉంచేస్తుంది, లేదా అసలు లోపలికి రానివ్వదు. డబ్బాలో కేజ్‌లోని ఎలుకలన్నీ కలిసి పడుకునేంత చోటుండాలి. పైకప్పు చదునుగా ఉంటే దానిమీదకీ ఎక్కుతాయి, అది మరో అంతస్తు కింద లెక్క.

మేత గూడ కింద మాత్రం డబ్బా పెట్టొద్దు. దానిమీద కూర్చుని మేత లాగి, తిన్నంత తిని, మిగిలినది డబ్బాలో దాచి, దానిమీదే మూత్రం పోస్తాయి.

పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) డబ్బాలను వాడే ముందు వేలితో అంచు తడమండి. కొరికి కొరికి రంపపు పళ్లలా అయితే ఆ రోజే మార్చండి. ఆ ముక్కలు నోట్లోకి, పేగుల్లోకి పోతాయి, అంచు గీసుకుని పొట్ట మీద గాయాలవుతాయి. గీతలు పడి తెల్లబారిన పాలికార్బొనేట్‌ను ఘాటైన క్షార డిటర్జెంట్‌తో వేడినీళ్లలో పదేపదే కడిగితే బిస్‌ఫినాల్ ఎ అనే రసాయనం బయటికొస్తుంది. హార్మోన్ల స్టడీలో అది వేరే గొడవ.

5. గొట్టం, చెక్క, గూడు కాగితం

గొట్టం నేలమీద అడ్డంగా ఉంటే చాలు. ఎలుకను ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లడానికీ అదే పనికొస్తుంది: గొట్టంలోకి దూరాక రెండు చివరలూ అరచేతులతో మూసి ఎత్తండి. మామూలుగా ఎత్తేటప్పుడు ముందుకాళ్ల కింద ఛాతీకి ఆనుకుని ఒక చెయ్యి, తుంటి కింద మరో చెయ్యి. తోక చివర పట్టుకుని వేలాడదీయొద్దు, తోక చర్మం ఒలిచినట్టు ఊడొస్తుంది.

చెక్కముక్క రంగు, రసాయనం ఏదీ పడనిది కావాలి. టాక్సికాలజీ స్టడీ అయితే ప్రతి లాట్‌కూ కలుషితాల పరీక్ష పత్రం అడిగి తీసుకోండి. ఎలుక పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం దానికి అవసరమే. అయితే చెక్క ఉన్నా పళ్లు వంకరగా పెరిగే ఎలుకలుంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

గూడు కాగితం విషయంలో చాలామంది నిరాశ పడతారు: "వేశాం, తొక్కేసి వదిలేశాయి." పెద్దయ్యాక మొదటిసారి చూసిన ఎలుకలు అలాగే చేస్తాయి. చిన్నప్పుడే అలవాటైనవే గూడు బాగా కడతాయి. వీలుంటే పిల్లలు తల్లి దగ్గరున్నప్పుడే కాగితం మొదలుపెట్టండి. దూది, దారపు పోగులు మాత్రం పిల్లలున్న కేజ్‌లో వేయొద్దు. కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది.

6. చక్రం పెట్టాలా?

ఎక్కువ స్టడీల్లో వద్దనే మా అభిప్రాయం. చక్రం పెట్టిన మరుక్షణం మీరు చూస్తున్నది ఎన్‌రిచ్‌మెంట్ ప్రభావం కాదు, వ్యాయామ ప్రభావం. ఎలుక ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తగలదు. బరువు, గుండె, ఇన్సులిన్, మెదడు అన్నీ దానితో మారతాయి. ఆ రెంటినీ విడదీయాలంటే చక్రం మాత్రమే ఉన్న ఒక గ్రూపు అదనంగా కావాలి.

తప్పదంటే 35 సెం.మీ. వ్యాసం, గట్టి నేల, తోక ఇరుక్కునే కమ్మీలు లేనిది. చిట్టెలుకల చక్రంలో ఎలుకను పరుగెత్తిస్తే వెన్ను వంగిపోతుంది.

హెచ్చరిక: మేత రోజుకు గంటో గంటన్నరో మాత్రమే ఇచ్చే స్టడీలో చక్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మేత తగ్గిన ఎలుక పరుగు తగ్గించదు, పెంచుతుంది. తినే వేళ కూడా సరిగా తినదు. కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

7. ఎలుకలను దించండి

వచ్చాక కనీసం 7 రోజులు ఏ కొలతా తీసుకోకండి. తల్లి పాలు మాన్పించే వయసు 21 రోజులు. ఆ తర్వాత 30–40 రోజుల మధ్య ఆటలు బాగా ముదురుతాయి, ఆ వయసులో ఒంటరిగా ఉంచితే జరిగే నష్టాన్ని తర్వాత ఏ గొట్టమూ పూడ్చలేదు. అన్నిటికన్నా పెద్ద ఎన్‌రిచ్‌మెంట్ పక్కనున్న ఎలుకే. కాబట్టి ఒకే ఈడు, ఒకే లింగం, చిన్నప్పటి నుంచి కలిసి ఉన్నవాటిని రెండో మూడో కలిపి పెట్టండి.

ఏ కేజ్ ఏ గ్రూపో లాటరీ వేసి నిర్ణయించండి. ర్యాక్‌లో కూడా గ్రూపులను కలగలపండి. పై అరలో వెలుతురు ఎక్కువ. తెల్ల ఎలుకల కంటిపొర వెలుతురుకు దెబ్బతింటుంది. ఖాళీ కేజ్‌లన్నీ పై అరలో పెట్టి, ఎన్‌రిచ్డ్ కేజ్‌లన్నీ కింద పెడితే మీరు కొలిచేది అరల తేడానే.

గది 20–26 డిగ్రీల సెల్సియస్, తేమ 30–70 శాతం, 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి. పిల్లలున్న గదిలో తేమ 40 శాతం కిందికి పోనివ్వకండి, తోక మీద ఉంగరాల్లా నొక్కులు పడే జబ్బు వస్తుంది.

8. శుభ్రం చేసే రోజు

వస్తువులు మీకు శుభ్రంగా కనిపించినా కేజ్‌తో పాటే మార్చండి. 82 డిగ్రీల వేడినీళ్లతో కడిగే మెషీన్, అవసరమైతే 121 డిగ్రీల ఆటోక్లేవ్. చెక్క, కాగితం ఒక్కసారి వాడి పారేయడమే.

కానీ పాత గూటి కాగితంలో పొడిగా ఉన్న పిడికెడు కొత్త కేజ్‌లోకి వేయండి. తమ వాసన కాస్త మిగలాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే కొన్ని గంటల పాటు తిరుగుతూ, వాసన గుర్తులు పెడుతూ కుదురుకోవు. ఆ రోజు ప్రవర్తన పరీక్ష, రక్తం తీయడం రెండూ వద్దు.

మందపాటి బెడ్డింగ్ ఉంది కదా అని మార్చే రోజు వాయిదా వేయకండి. ఎలుక ముక్కు ఎత్తులో అమ్మోనియా కొలవండి. 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25) దగ్గరికి వస్తోందంటే ఆలస్యమైపోయింది. మైకోప్లాస్మా పల్మోనిస్ అనే బ్యాక్టీరియా ఉన్న ఎలుకల్లో అమ్మోనియా ఊపిరితిత్తుల జబ్బును ఎగదోస్తుంది. మనిషి ముక్కును నమ్మొద్దు, రోజూ ఆ గదిలో తిరిగే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది.

ఆరోగ్యం బాగుపడిందా? ఎలా చూడాలి

ముందు వాడుతున్నాయా లేదా చూడండి. వస్తువు కేజ్‌లో ఉంటే చాలదు. చీకటి పడ్డాక మొదటి గంటలో, మసక ఎర్రలైటులో, పది నిమిషాలకు ఒకసారి చొప్పున ఆరుసార్లు చూసి ఏ ఎలుక ఎక్కడుందో రాయండి. మూడు ఎలుకలు, ఆరు చూపులు, మొత్తం 18 గుర్తులు. అందులో 7 గొట్టంలో లేదా డబ్బా మీద అయితే 39 శాతం. పగలు కూడా ఇలాగే ఒకసారి చూడండి, అప్పుడు ఎక్కువ గుర్తులు డబ్బా లోపలే పడాలి. పగలంతా డబ్బాను వదిలేసి మూలన ఒకదానిమీద ఒకటి పడుకుంటున్నాయంటే డబ్బా చిన్నదో, వేడెక్కుతోందో, ఒకటి గుమ్మం కాస్తోందో చూసుకోండి.

రోజువారీ చూపు. అర నిమిషం చాలు. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయా, రేగి ఉన్నాయా? కళ్లు సగం మూసుకుపోయాయా? ముక్కు, కంటి చుట్టూ ఎర్రటి మరక ఉందా? ఆ ఎరుపును చూసి రక్తమనుకుని కంగారు పడేవాళ్లు ఎక్కువ. అది కంటి వెనక ఉండే హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్, అతినీలలోహిత దీపం కింద గులాబీ రంగులో మెరుస్తుంది. రక్తం మెరవదు. రక్తం కాదని ఊరుకోకండి, ఒత్తిడో జబ్బో ఉన్న ఎలుక ముఖం తుడుచుకోవడం మానేస్తుంది, అందుకే మరక నిలుస్తుంది.

నొప్పి అనుమానముంటే ముఖం చూసి మార్కులు వేసే పద్ధతి ఉంది: కళ్లు మూసుకోవడం, ముక్కు–బుగ్గ చదునవడం, చెవులు ముడుచుకోవడం, మీసాలు బిగుసుకోవడం. ఒక్కోదానికి 0, 1, 2. నిద్రపోతున్నప్పుడూ ఒళ్లు దువ్వుకుంటున్నప్పుడూ వేయకూడదు.

వారానికోసారి బరువు. అదే రోజు, అదే గంట. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు, ఆ ఎలుక పాత అంకెలతో పోల్చండి. 10 శాతం తగ్గితే పశువైద్యుడికి చెప్పాలి. 20 శాతం దాకా చాలా ప్రోటోకాల్‌లు పోనివ్వవు. ఎన్‌రిచ్డ్ కేజ్‌లోనివి కాస్త తక్కువ బరువుంటే కంగారు అక్కర్లేదు, ఎక్కి దిగే ఎలుక కొవ్వు తక్కువ పెట్టుకుంటుంది. అది చిక్కిపోవడమా, చురుకుదనమా తేలాలంటే వేళ్లతో తడమండి. వెన్నెముక, తుంటి ఎముకలు తేలికపాటి నొక్కుడుకు తెలిస్తే 5కి 3, అంటే బాగున్నట్టు. తాకగానే పొడుచుకొస్తే 1 లేదా 2. నొక్కినా దొరక్కపోతే 4 పైన. ఇష్టమొచ్చినంత మేత పెట్టే ఖాళీ కేజ్‌లలో 4, 5 ఎక్కువగా కనిపిస్తాయి.

తవ్వకం పరీక్ష. మాకు బాగా నచ్చే కొలత ఇదే, ఎందుకంటే ఎలుక తనంతట తానే చేసే పని, మన బలవంతమేమీ లేదు. సుమారు 32 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వ్యాసమున్న గొట్టం, ఒక చివర మూసి, తెరిచిన మూతిని 6 సెం.మీ. ఎత్తున నిలపండి. అందులో సన్నటి కంకర 2.5 కిలోలు తూచి నింపండి. ఒక గంట తర్వాత మిగిలింది తూచి తీసివేయండి. బాగున్న ఎలుక చాలా కంకర బయటికి నెడుతుంది. నొప్పి, వాపు, నీరసం ఉన్నది తక్కువ నెడుతుంది. మొదటి రెండు మూడుసార్లు సాధన కిందే లెక్క, ఆ అంకెలు పక్కన పెట్టండి.

చక్కెర నీళ్లు. ఒక సీసాలో నీళ్లు, మరో దానిలో 1 శాతం చక్కెర నీళ్లు, 24 గంటలు. 12 గంటలకు సీసాల చోటు మార్చండి, ఎలుకలు ఒకే పక్క తాగే అలవాటు పడతాయి. చక్కెర నీళ్లు తాగింది, మొత్తం తాగిందానిలో ఎంత శాతమో తీయండి. అది పడిపోతే ఎలుకకు దేనిమీదా ఆసక్తి లేనట్టు. ఎలుక లేని ఖాళీ కేజ్‌కు కూడా రెండు సీసాలు తగిలించండి, కారి పోయిందెంతో తెలుస్తుంది. ఈ ఒక్క పని మానేసినందుకు పరీక్ష మొత్తం పారేయాల్సి వస్తుంది. మూడు ఎలుకలు కలిసి తాగితే వచ్చేది కేజ్ అంకె, ఒక్కో ఎలుకది కాదు.

కార్టికోస్టెరోన్, అంటే ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్. అందరూ మొదట అడిగేది ఇదే, మేము చివర చెప్పేది ఇదే. రక్తం తీస్తే కేజ్ మీద చెయ్యి పడ్డాక 3 నిమిషాల లోపు తీయాలి, లేదంటే మీరు పట్టుకున్నందుకు పెరిగిందే కొలుస్తారు. చీకటి మొదలయ్యే వేళకు అది సహజంగానే ఎక్కువ, కాబట్టి అన్ని కేజ్‌లకూ ఒకే గంట. పెంటికల్లో కొలిస్తే ఎలుకను పట్టుకునే గొడవ లేదు, కానీ అవి కొన్ని గంటల ముందటి సంగతి చెబుతాయి. పైగా ఏ పెంటిక ఏ ఎలుకదో తెలియాలంటే ఎలుకను కాసేపు విడిగా పెట్టాల్సిందే. ఎన్‌రిచ్డ్ కేజ్ ఎలుకల్లో కార్టికోస్టెరోన్ ఎక్కువగా వచ్చిన అధ్యయనాలూ ఉన్నాయి. చురుకుగా తిరిగినా అది పెరుగుతుంది. ఈ అంకె ఒక్కటీ చూసి "ఒత్తిడి పెరిగింది" అనేయకండి. బరువు, తవ్వకం, బొచ్చు బాగుండి ఇదొక్కటే ఎక్కువైతే ఆ మూడింటి మాటే వినండి.

లెక్కలో పప్పులో కాలేసే చోటు

ఎన్‌రిచ్‌మెంట్ ఎలుకకు ఇవ్వడం లేదు, కేజ్‌కు ఇస్తున్నారు. కాబట్టి మీ ఎన్, అంటే లెక్కలోకి వచ్చే నమూనాల సంఖ్య, కేజ్‌ల సంఖ్యే. ఒక్కో గ్రూపుకు 8 ఎలుకలు, నాలుగేసి చొప్పున 2 కేజ్‌లలో పెడితే మీ ఎన్ 8 కాదు, 2. రెండిటితో ఏమీ తేలదు. అవే 8 ఎలుకలు రెండేసి చొప్పున 4 కేజ్‌లైతే 4. కేజ్ సగటులతో పరీక్ష చేయండి, లేదా కేజ్‌ను రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టిన మిక్స్‌డ్ మోడల్ (ఒకే కేజ్‌లోని ఎలుకలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతి) వాడండి. జంతు ప్రయోగాలను పేపర్లలో ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు కూడా ప్రయోగ యూనిట్ ఏదో స్పష్టంగా రాయమంటాయి. పేపర్‌లో "ప్రామాణిక ఎన్‌రిచ్‌మెంట్" అని రాసి వదిలేయకండి, వస్తువు, కొలత, సంఖ్య, మార్చిన రోజులు రాయండి.

"ఎన్‌రిచ్‌మెంట్ వల్ల ఎలుకల మధ్య తేడాలు పెరిగి ఎక్కువ ఎలుకలు కావాల్సి వస్తుంది" అనే భయం బాగా పాతుకుపోయింది. అన్ని కేజ్‌లకూ ఒకే రకంగా ఇచ్చినప్పుడు ఆ భయానికి పెద్ద ఆధారం దొరకదు. కేజ్‌కో రకంగా ఇస్తే మాత్రం తేడాలు పెరుగుతాయి. అది ఎన్‌రిచ్‌మెంట్ తప్పు కాదు.

తరచూ దొర్లే పొరపాట్లు

- వస్తువులతో కేజ్ నింపేయడం. నేలలో సగమైనా ఖాళీ ఉండాలి. కదలడానికి చోటు లేకపోతే చోటు లెక్కంతా వృథా.
- పొద్దుతిరుగుడు గింజలు వెదజల్లి మేత తూకంలో కలపకపోవడం. ఆ నూనెకూ కేలరీలున్నాయి. గింజలు ఇస్తే తూచి, అందరికీ సమానంగా.
- కంట్రోల్ కేజ్‌లను తక్కువ తాకడం. ఎన్‌రిచ్డ్ కేజ్ తెరిచినన్నిసార్లూ కంట్రోల్‌నూ తెరవండి. తాకడమే ఎలుకను మార్చేస్తుంది.
- పని చేసే మనిషి మారడం, కార్డు మీద రాయకపోవడం.
- ఒంటి మీద గాట్లు చూసి వస్తువులే కారణమని తేల్చేయడం. తుంటి, తోక దగ్గర గాట్లయితే కొట్లాట: డబ్బాకు దారులెన్ని ఉన్నాయి, బరువుల్లో తేడా ఎంతుందో చూడండి. పొట్ట, మెడ మీద గీతలైతే వస్తువుల అంచులు తడమండి. మీసాలు, ముఖం మీద బొచ్చు కత్తిరించినట్టుంటే పక్క ఎలుక కొరికేస్తోంది.

ఆపరేషన్, ఒంటరి కేజ్

తలకు ఇంప్లాంట్, మెడకు క్యాథెటర్ ఉన్న ఎలుకకు గొట్టం, ఇరుకు గుమ్మాల డబ్బా ప్రమాదం. ఇంప్లాంట్ గుమ్మానికి తగిలి ఊడిపోతుంది. పైకప్పు లేని మూడుగోడల గూడు, మెత్తటి కాగితం, చెక్కముక్క ఇవ్వండి. ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో కుట్ల దగ్గర పొట్టు అంటుకోకుండా కాగితపు బెడ్డింగ్ మేలు. వేరే దారి లేక ఒంటరిగా ఉంచాల్సి వస్తే పక్క ఎలుక కనిపించేలా, వాసన తగిలేలా చిల్లులున్న అడ్డుగోడతో కేజ్‌ను రెండుగా చేయొచ్చు. దానికీ వీల్లేకపోతే రోజూ కాసేపు చేతితో ఆడించండి. మెడ వెనక చక్కిలిగిలి పెట్టి, వెల్లకిలా తిప్పి పొట్ట మీద గిలిగింతలు పెడితే ఎలుకలు 50 కిలోహెర్ట్జ్ దగ్గర మన చెవికి వినపడని కూతలు కూస్తాయి, అవి హుషారు కూతలు. మూడు రోజుల పాటు రోజుకు 15 సెకన్లు చాలు, మనిషి చేతికి అలవాటు పడతాయి. కొన్ని ఎలుకలకు ఇది అస్సలు నచ్చదు. చెయ్యి కేజ్‌లో పెట్టగానే దగ్గరికొస్తే కొనసాగించండి, మూలకు పోతే మానేసి గొట్టంతోనే ఎత్తండి.